అడుగు లేని గుంతకు పటం

“దానికి అడుగు లేదు” అన్న మాట ఆ ఊళ్ళో మొదటి రోజే నలుగురి నోట విన్నాను. వక్కతోటలు దాటి దక్షిణంగా పోతే అడవిలో ఒక గుంత ఉంది. రాయి వేస్తే ఒక చప్పుడు, ఊపిరి బిగబట్టి ఆగితే ఇంకో చప్పుడు, ఆ తర్వాత గబ్బిలాల రెక్కల సవ్వడి. అంతటితో సరి. తాతల కాలం నుంచి అందరూ రాళ్ళు వేసినవాళ్ళే గానీ దిగిన మనిషి లేడు.

ఊరి పేరూ గుహ పేరూ ఇక్కడ రాయడం లేదు. రాయొద్దని ఊరివాళ్ళు అడిగారు, మేం మాటిచ్చాం. సొహ్రాకు, అంటే మనం బడిలో చిరపుంజి అని చదువుకున్న ఊరికి, దిగువన ఖాసీ కొండల దక్షిణపు అంచున ఉంటుందని మాత్రం చెప్పగలను.

మాది కొలిమిగుండ్ల దగ్గరి పల్లె. బెలుం గుహలు ఆడుతూ పాడుతూ పోయేంత దూరం. 1982, 83లలో డేనియల్ గెబావర్ అనే జర్మన్ ఆయన వాటిని కొలిచి పటం గీశాడు. 3,229 మీటర్ల పొడవని ఈ రోజు మనం చెప్పుకునే లెక్క ఆ కొలతల పుణ్యమే. అంత కొలిచాక కూడా 1988 దాకా చుట్టుపక్కల చెత్త అందులోనే పడేది. మా అబ్బ నాపరాయి గనిలో బండలు కొట్టేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట బెలుంకు పోయినప్పుడు అడిగాను, ఇంత పెద్ద గుహ మన కాళ్ళ కింద ఉంటే దాంట్లో చెత్త ఎట్లా వేశారని. “కండ్లకు కనపడనిది మనది అనిపించదు కదమ్మా” అన్నాడు. ఉద్యోగానికని షిల్లాంగ్ వచ్చి గుహల పిచ్చిలో పడ్డాక ఆ మాట చాలాసార్లు గుర్తొచ్చింది.

మేఘాలయలో గుహను క్రెమ్ అంటారు. 1992లో మొదలైన సర్వే యాత్రల్లో ఇక్కడివాళ్ళూ విదేశీయులూ కలిసి వెయ్యికి పైగా గుహల్ని నమోదు చేశారు. క్రెమ్ లియాట్ ప్రా పొడవు 30 కిలోమీటర్లు దాటింది. 2018లో వెలుగులోకి వచ్చిన క్రెమ్ పురీ ఇసుకరాతి గుహ, అది 24 కిలోమీటర్ల పైమాట. సొహ్రా దగ్గరి మావ్‌మ్లూ గుహలో దొరికిన ఒక స్టాలగ్మైట్, అంటే గుహ నేల మీద చుక్క చుక్కగా పేరుకుని లేచిన సున్నపు స్తంభం, ఆధారంగానే 4,200 ఏళ్ళ కిందట మొదలైన కాలానికి ‘మేఘాలయన్’ అని పేరు పెట్టారు. ఇక్కడి పేరున్న గుహల్లో చాలావాటిలోకి ఏటి నీళ్ళ వెంట నడుచుకుంటూ పోవచ్చు. నిలువుగా దిగేవి కొన్నే. దిగడానికి తాళ్ళు కావాలి, తాళ్ళ మీద పట్టున్న మనుషులు కావాలి. అందుకే అలాంటి గుహ ముఖాలు చాలాచోట్ల సర్వే జాబితాలో ఒక వరుసగా మిగిలిపోతాయి: ఫలానా అక్షాంశం, రేఖాంశం, ‘నిలువు గుంత, దిగలేదు’. మాది అలాంటి ఒక వరుసే.

నలుగురం వెళ్ళాం. మా నాయకుడికి ఇరవై ఏళ్ళ అనుభవం. షిల్లాంగ్ కాలేజీ కుర్రాడొకడు, నేను, ఆ ఊరి యువకుడు. మగవాళ్ళను గౌరవంగా ‘బా’ అని, ఆడవాళ్ళను ‘కాంగ్’ అని పిలవడం అక్కడి పద్ధతి. అతను నాకు బా, నేనతనికి కాంగ్. ఖాసీ నాకు నాలుగు ముక్కలకు మించి రాదు, వారమంతా అతని నోటితోనే మాట్లాడాను.

గుహలో దిగే ముందు మూడు రోజులు మనుషుల దగ్గరే గడిచాయి. ఇది చదివి ఎవరైనా ఇలాంటి పనికి పోదామనుకుంటే, ఆ మూడు రోజుల్ని కుదించాలని చూడొద్దు. ఖాసీ కొండల్లో నేల చాలావరకు ప్రభుత్వానిది కాదు. ఉమ్మడి నేలను రి రైడ్ అంటారు, వంశానికో కుటుంబానికో చెందినదాన్ని రి కింతి అంటారు. గుంత ఉన్న అడవి ఒక వంశానిది. అంటే ఊరి సభ అయిన దొర్బార్ శ్నోంగ్ సరేనన్నా చాలదు, ఆ ఇంటివాళ్ళూ సరేననాలి. ఆస్తి తల్లి నుంచి చిన్న కూతురికి వచ్చే ఇల్లు అది. ఆ ఇంటి కాంగ్‌కు అరవై దాటి ఉంటాయి. పక్కన ఆమె అన్న కూర్చున్నాడు. అక్కడ ఇంటి వ్యవహారాల్లో మేనమామ మాటకు ఎంత బరువో చూస్తుంటే మన పెళ్ళిళ్ళలో మేనమామ పీట గుర్తొచ్చింది.

ముందు క్వాయ్ పెట్టారు. పచ్చి వక్క, తమలపాకు, సున్నం. సున్నాన్ని వాళ్ళు ‘శున్’ అంటారు, సున్నపురాయిని ‘మావ్‌శున్’. ఆ మాట వినగానే నాకు మా ఇంటి తాంబూలం పళ్ళెం కళ్ళ ముందు కదిలింది. పచ్చి వక్క నమిలేసరికి చెవులు వేడెక్కి నుదుట చెమట పట్టింది. కాంగ్ నవ్వి మంచినీళ్ళ గ్లాసు జరిపింది. గుంత ఎంత దూరమని అడిగితే “ఒక క్వాయ్ దూరం” అంది. ఒక వక్క నోట్లో వేసుకుని నడిస్తే అది అయిపోయేలోపు చేరతామని లెక్క. ఈ కొలత పాతకాలం నుంచీ ఉన్నదట.

ఎందుకు దిగాలనుకుంటున్నారు అని ఆమె అన్న అడిగాడు. గనుల కంపెనీ వాళ్ళా? కాదు. నిధి కోసమా? కాదు. పటం గీయడానికి. పటం ఎవరికి? ఆ ప్రశ్నకు మా నాయకుడు సూటిగా జవాబిచ్చాడు: మొదటి ప్రతి మీకే, మీరు ఒప్పుకుంటేనే బయటికి. అప్పుడు కాంగ్ నోరు విప్పింది. కొండ దిగువన ఉన్న ఊటనే ఊరు తాగుతుంది. వానాకాలంలో ఆ నీళ్ళు ఎర్రగా, ఒక్కోసారి కంపు కొడుతూ వస్తున్నాయి. ఇదివరకు అలా లేదు. కొన్నేళ్ళుగా పైనున్న ఇళ్ళ చెత్త, చచ్చిన పశువులు ఆ గుంతలోకే పోతున్నాయి. “అడుగు లేనిది కదా, ఎక్కడికో పోతుందిలే అనుకుంటారు. ఎక్కడికి పోతుందో చూసి చెప్పగలరా?”

మేం వచ్చిన పనికి అంతకంటే మంచి కారణం మా దగ్గర లేదు.

నాలుగో రోజు పొద్దున్నే సామాను మోసుకుంటూ బయల్దేరాం. ఫిబ్రవరి. ఏడాదికి పదకొండు వేల మిల్లీమీటర్లకు పైగా కురిసే ఆ కొండల్లో గుహల్లోకి దిగదగ్గ నెలలు చలికాలం చివర ఈ కొన్నే. గుంత ముఖం ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. చుట్టూ ఫెర్న్ మొక్కలు వేలాడుతున్నాయి. నాచు పట్టిన అంచు ఎక్కడ మట్టి, ఎక్కడ రాయి తెలియదు. మొదటి గంట అంచు దగ్గర వదులుగా ఉన్న రాళ్ళు ఏరి వెనక్కి చేర్చడానికే సరిపోయింది. తాడు మీదున్న మనిషి నెత్తిన పిడికెడు రాయి పడినా హెల్మెట్ ఆపుతుందన్న నమ్మకం లేదు.

తాడు కట్టడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ప్రాణం ఆధారపడేది దానిమీదే. ముందు అంచుకు దూరంగా ఉన్న లావుపాటి చెట్టుకు ఒక చుట్టు కట్టి దాన్ని వెనక భరోసాగా ఉంచుకున్నాం. తర్వాత రాతికి రెండు బోల్టులు దిగ్గొట్టి, బరువు రెంటి మీదా సమంగా పడేలా ‘వై’ ఆకారంలో ముడి. బోల్టు కొట్టే ముందు రాతిని సుత్తితో తట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పగులుంటే డొల్లగా, కుండ మీద తట్టినట్టు పలుకుతుంది. నాకు ఈ విద్య ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేకపోయింది. మా అబ్బ నాపబండను తట్టి ఎక్కడ చీలుతుందో చెప్పేవాడు. మొదట చూసుకున్న చోటు డొల్లగా పలికింది. అడుగున్నర పక్కకు జరిగాం.

తాడు ఎక్కడా రాతికి రాసుకోకూడదు. మనిషి దిగుతూ ఎక్కుతూ ఉంటే తాడు సాగి ముడుచుకుంటుంది, ఆ కదలికకు రాతి అంచు రంపంలా కోస్తుంది. అందుకే తాడు గోడను తాకే ప్రతిచోటా కొత్త బోల్టు కొట్టి అక్కడి నుంచి మళ్ళీ వేలాడదీస్తారు. దీన్ని రీబిలే అంటారు. తాడు చివర ముడి వేయడం తప్పనిసరి. లోతు తెలియని చోట తాడు ముందే అయిపోతే, ముడి లేని కొస డిసెండర్‌లోంచి, అంటే దిగేటప్పుడు తాడును బిగపట్టి వేగం తగ్గించే పరికరంలోంచి, జారిపోతుంది.

మా నాయకుడు ముందు దిగాడు, బోల్టులు కొట్టుకుంటూ. ఈల ఒకటి అంటే ఆగు, రెండు అంటే పైకి, మూడు అంటే కిందికి. నాలుగు వినిపిస్తే తాడు ఖాళీ, తర్వాతి మనిషి రావచ్చు. మూడు గంటల తర్వాత నాలుగు ఈలలు వినిపించాయి.

అంచు దాటి కాళ్ళు గాల్లోకి వదిలే ఆ క్షణానికి ఎంత సాధన చేసినా అలవాటు రాదు. షిల్లాంగ్ దగ్గర చెట్ల మీద, బండల మీద ఆరు నెలలు నేర్చుకున్నాను. అయినా నోరెండిపోయింది. డిసెండర్ పిడి నొక్కి మెల్లగా దిగాను. ఫెర్న్‌లు, వాటి కింద నాచు, నాచు కింద బోడిరాయి. నీళ్ళు కోసిన నిలువు గాడులు గోడ పొడవునా దిగుతున్నాయి. వానచినుకు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పులుపెక్కి, సున్నపురాతిని చుక్క చుక్కగా కరిగించుకుంటూ పోయిన దారులవి. 19.6 మీటర్ల దగ్గర ఏటవాలు గట్టు వచ్చింది. పిల్లలు వేసిన రాళ్ళ మొదటి చప్పుడు దీనిదే. రాయి ఇక్కడ తగిలి, దొర్లి, మళ్ళీ పడేది.

గట్టు దగ్గర తాడు మార్చుకుంటూ ఆగినప్పుడు ముఖానికి జానెడు దూరంలో గోడ నిండా నాణేలు కనిపించాయి. అర్ధరూపాయంత, పావలా అంత గుండ్రటి బిళ్ళలు రాతిలో పొదిగినట్టు. నుమ్యులైట్లు. నాలుగు కోట్ల ఏళ్ళకు మునుపు ఇక్కడ వెచ్చని లోతులేని సముద్రం ఉన్నప్పుడు బతికిన ఏకకణ జీవుల గవ్వలు. ఈ కొండ వాటి అస్థికల గుట్ట. వేలాడుతూనే దీపం అటూ ఇటూ తిప్పి చూశాను. కింద నుంచి ఈల రెండోసారి వినిపించేదాకా కదల్లేదు.

గట్టు తర్వాత గోడ ఒక్కసారిగా వెనక్కి తగ్గింది. గంట లోపలి నుంచి దిగుతున్నట్టుంది. చుట్టూ ఎటు చేయి చాపినా ఏమీ తగలదు. తాడు మెల్లగా తిప్పుతుంటే దీపం వెలుగు దూరపు గోడ మీద తిరిగింది. 33.8 మీటర్లు ఇలా. కింద మా నాయకుడి దీపం మిణుగురులా ఉంది. పైన ముఖం అరచేయంత పచ్చటి వెలుగు. కాళ్ళు నేలను తాకాక మోకాళ్ళు కాసేపు నిలబడలేదు.

నేల అంటే బండరాళ్ళ గుట్ట. దాని మీద చెత్త. ప్లాస్టిక్ సంచులు, సీసాలు, పాత చెప్పులు, బ్యాటరీలు, పశువుల ఎముకలు. ‘అడుగు లేనిది’ మింగిందంతా అక్కడే ఉంది. గాలి కొలిచే పరికరంలో కార్బన్ డయాక్సైడ్ 0.6 శాతం చూపింది. కుళ్ళే చెత్త ఉన్న గుంతల అడుగున ఈ వాయువు పేరుకుంటుంది. ఒక శాతం దాటితే వెంటనే వెనక్కి అని ముందే అనుకున్నాం, కాబట్టి ప్రతి పది నిమిషాలకూ ఒకరు అంకె గట్టిగా చదివారు.

అసలు పని ఇక్కడ మొదలైంది. కొలతకు డిస్టోఎక్స్ వాడాం. గోడకు లేజర్ వేస్తే దూరం, దిక్కు, వాలు ఒకేసారి ఇస్తుంది. అంకెలు ఫోనులోకి వెళ్తాయి. ఒక గుర్తు నుంచి కనిపించే ఇంకో గుర్తుకు ఒక గీత, అక్కడి నుంచి మరోదానికి. గుహంతా ఇలా గీతల వెన్నెముక. ప్రతి గీతనూ మూడుసార్లు తీసి మూడూ కలిస్తేనే రాసుకోవాలి. తర్వాత ప్రతి గుర్తు దగ్గరా ఎడమ, కుడి, పైన, కింద గోడలకు అడ్డకొలతలు. నిలువు గుంతలో ఒక చిక్కు ఉంది. గీత నిట్టనిలువుగా ఉంటే దిక్కుకు అర్థమే ఉండదు. అందుకని అక్కడ పైనుంచి చూసే పటం కన్నా పక్కనుంచి కోసినట్టు గీసే నిలువు పటమే ముఖ్యం. గీసే పని కాలేజీ కుర్రాడిది. బురద చేతులతో నీళ్ళకు చెడని కాగితం మీద అతను గోడ వంపుల్ని గీస్తుంటే, పరికరం పట్టింది నేను.

గుట్ట కింద, దక్షిణపు మూల, నడుము వంచి దూరే సందు ఉంది. సన్నటి నీటి పాయ అందులోకే పోతోంది. వెంట వెళ్ళాం. కొంత దూరం నిలబడి నడిచాం, కొంత దూరం మోచేతుల మీద పాకాం. మా మీద మూడు మీటర్ల ఎత్తున పైకప్పు పగుళ్ళలో బిస్కెట్ ప్యాకెట్ల కాగితాలు ఇరుక్కుని కనిపించాయి. జూన్, జూలైల్లో ఈ సందు అంత ఎత్తు నిండిపోతుందన్నమాట. అవి చూశాక ఎవరూ కాసేపు మాట్లాడలేదు. బా మాత్రం దీపం వాటి మీదే ఉంచి “ఇవి మా దుకాణంలోవే” అన్నాడు. 118 మీటర్ల తర్వాత పైకప్పు నీళ్ళలోకి వంగింది. అద్దంలా నిశ్చలమైన మడుగు. అక్కడితో మనిషికి దారి లేదు, నీళ్ళకు ఉంది. పటం మీద అక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టాలి.

ఎక్కడం ఎక్కువ చెప్పను. ఛాతీ దగ్గర ఒక బిగింపు, చేతిలో ఒక బిగింపు, దానికి వేలాడే కాలి ఉచ్చు. కూర్చో, నిలబడు, కూర్చో. కప్పలా. ఒక్కొక్కరికి ముప్పావు గంట పట్టింది. పైకి వచ్చేసరికి చీకటి పడింది. కాంగ్ పంపిన జాదో, అంటే మాంసం వేసి వండిన అన్నం, ఎండుచేపల పచ్చడి తుంగ్‌తాప్ ఆకుల్లో కట్టి ఉన్నాయి. ఆ అన్నం రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఆ రాత్రే తప్పు బయటపడింది. సందు మధ్యలో ఒక రాతి స్తంభం చుట్టూ దారి రెండుగా చీలి మళ్ళీ కలుస్తుంది. అలాంటి చోట చుట్టూ కొలుచుకుంటూ బయల్దేరిన గుర్తుకే తిరిగి రావాలి. 41 మీటర్ల చుట్టులో మా గీతలు 2.9 మీటర్ల తేడాతో ఆగిపోయాయి. మంచి సర్వేలో వందకు ఒకటి దాటితేనే అనుమానించాలి. పటం గీసే కుర్రాడు తన కాగితాల్లో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నాడు. తప్పు నాది. ఇరుకు దారిలో మోచేతుల మీద ఉన్నప్పుడు పరికరాన్ని ఛాతీకి ఆనించుకుని కొలిచాను. ఛాతీ మీద హార్నెస్, అంటే ఒంటికి బిగించుకునే పట్టీల, ఉక్కు కొక్కెం ఉంది. పరికరంలోని దిక్సూచిని అది లాగేసింది. మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది గనక నిజమే అనుకున్నాను. మూడుసార్లూ ఒకే భంగిమలో కొలిస్తే ఒకే తప్పు మూడుసార్లు వస్తుందని నాకు తట్టలేదు. ఊరి నీళ్ళ గురించిన ప్రశ్నకు దిక్కే జవాబు, నేను తప్పింది ఆ దిక్కే. నిద్ర పట్టలేదు.

ఆ తేడాను సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది. అన్ని గీతల మీదా కొంచెం కొంచెం పంచి చుట్టును మూసేస్తుంది. చూసేవాళ్ళకు తెలియదు కూడా. మా నాయకుడు ఒక్క మాటే అన్నాడు: “రేపు మళ్ళీ దిగుదాం.” తెల్లవారి పరికరాన్ని చెట్ల మధ్య నాలుగు వైపులా తిప్పి 56 రీడింగులతో మళ్ళీ క్యాలిబ్రేట్ చేశాం, అంటే దాని కొలతను సరిదిద్దాం. నేను, బా మళ్ళీ దిగాం. ఈసారి సందులో ఉక్కు సామాన్లన్నీ విప్పి వెనక పెట్టి, పరికరాన్ని చేయి చాపి పట్టుకుని, ప్రతి గీతనూ అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ కొలిచాం. చుట్టు 30 సెంటీమీటర్ల తేడాతో మూసుకుంది. బయటికొచ్చి ఫోను చూపిస్తే కుర్రాడు నా చేయి పట్టుకుని ఊపేశాడు.

మొత్తం లోతు 63.4 మీటర్లు. కొలిచిన పొడవు 207 మీటర్లు. జైంతియా కొండల్లోని క్రెమ్ శ్రియే నిలువు ముఖం ఒక్కటే దాదాపు 97 మీటర్లు. దాని ముందు ఇది చిన్నదే. రికార్డు ఏదీ కాదు. నాకు దాని అవసరం కూడా కనిపించలేదు.

పటం పూర్తవడానికి షిల్లాంగ్‌లో ఇంకో మూడు వారాలు పట్టింది. తిరిగి వెళ్ళి ఆ ఇంటి నట్టింట్లో పరిచాం. నిలువు పటం, పైచూపు పటం, ఉపరితలం మీద ఇళ్ళు, ఊట. కాంగ్ అన్న చూపుడువేలితో ముఖం నుంచి గట్టుకు, గట్టు నుంచి అడుక్కి మెల్లగా దిగాడు. “అయితే ఉంది, అడుగు” అన్నాడు. రెండు తాటిచెట్లకు కాస్త ఎక్కువ లోతు అని నేను చెబితే బా దాన్ని వెదుళ్ళలోకి మార్చి చెప్పాడు.

కాంగ్ మాత్రం నేరుగా ప్రశ్నార్థకం మీద వేలు పెట్టింది. తెలిసినంతే చెప్పాం. మడుగు దగ్గర నీళ్ళు నైరుతిగా, ఊట ఉన్న వైపే పోతున్నాయి. ఊట దానికన్నా 18 మీటర్లు దిగువన ఉంది, మధ్య 300 మీటర్ల కొండ. అదే నీళ్ళని చెప్పడానికి ఇది బలమైన అనుమానమే, రుజువు కాదు. రుజువు కావాలంటే వచ్చే ఎండాకాలం మడుగులో హాని లేని రంగు కలిపి ఊట దగ్గర కాపు కాయాలి. అది ఊరు తాగే నీళ్ళు కాబట్టి మీరు సరేనంటేనే. దొర్బార్‌లో పెడతానని కాంగ్ వాళ్ళన్న చెప్పాడు. చెత్త విషయానికి అంతదాకా ఆగేది లేదని ఆమె అక్కడికక్కడే తేల్చేసింది. ముఖం చుట్టూ వెదురు కంచె వేస్తారట.

పటం మీద పేరు రాసే చోటు ఖాళీగా వదిలాం. ఏం రాయాలో వాళ్ళే చెప్పాలి. అన్నాచెల్లెళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు, ఒకసారి వాదించుకున్నారు కూడా. చివరికి ఆమె నా పెన్సిల్ తీసుకుని, ‘క్రెమ్’ అని రాసి, పక్కన వాళ్ళమ్మ వాడిన పాత పేరు రాసింది. “ఖుబ్లేయ్” అని, అంటే ధన్యవాదాలు చెబుతూ, క్వాయ్ పళ్ళెం నా వైపు జరిపింది. ఊట పక్కన ఇల్లున్న వాళ్ళ కోసం ఇంకో ప్రతి కావాలని అడిగింది.